షరతు రాసేదెవరు? నార్త్ కరొలైనా ఆసుపత్రులు, రాష్ట్రం, మనం

మోరిస్‌విల్ నుంచి ఐ-40 రహదారి మీద పడమటికి గంటసేపు వెళితే గ్రీన్స్‌బరో వస్తుంది. 1960ల తొలినాళ్ళలో ఆ ఊళ్ళో జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడి దగ్గరకు జ్ఞానదంతం దగ్గర చీము పట్టి, దవడ వాచి, తీవ్రమైన జ్వరంతో ఒక రోగి వచ్చాడు. దవడ కింది చీము మెడలోకి దిగితే శ్వాసమార్గం మూసుకుపోవడానికి ఎంతో సమయం పట్టదని వైద్యులందరికీ తెలుసు. ఆసుపత్రిలో చేర్చక తప్పదు. నల్లవారి కోసం కట్టిన ఎల్. రిచర్డ్‌సన్ ఆసుపత్రిలో పడకలు ఖాళీ లేవు. అదే ఊళ్ళో మోజెస్ కోన్, వెస్లీ లాంగ్ అనే రెండు పెద్ద ఆసుపత్రులున్నాయి. వెస్లీ లాంగ్ నల్లవారిని గడప తొక్కనివ్వదు. కోన్ కొద్దిమందిని, అదీ తెల్లవారికి వర్తించని ప్రత్యేక నిబంధనల మీద చేర్చుకుంటుంది. నల్లజాతి వైద్యులకు మాత్రం దాని సిబ్బందిలో చోటు లేదు.

ఇలాంటి అడ్డుగోడలు ఎలా కడతారో సిమ్‌కిన్స్‌కు అప్పటికే అనుభవం. 1955 డిసెంబరులో ఆయన మరో అయిదుగురితో కలిసి గ్రీన్స్‌బరోలోని గిలెస్పీ పార్క్ గోల్ఫ్ మైదానంలో ఆడినందుకు అరెస్టయ్యాడు. అది నగర ప్రజల సొమ్ముతో ఏర్పడిన మైదానం. నల్లవారిని రానివ్వవలసి వస్తుందని నగరపాలకులు దాన్ని నామమాత్రపు కౌలుకు ఒక ప్రైవేటు సంఘం చేతిలో పెట్టారు. డబ్బు ప్రజలది, తలుపు ప్రైవేటు వాళ్ళది. ఆసుపత్రుల విషయంలోనూ ఇదే జరుగుతున్నదని గ్రహించడానికి ఆయనకు ఎక్కువ కాలం పట్టలేదు. రెండు ఆసుపత్రుల కట్టడానికీ సమాఖ్య ప్రభుత్వం పది లక్షల డాలర్లకు పైగానే, ఒక్కొక్కదానికి, ఇచ్చింది.

ఆ డబ్బు హిల్-బర్టన్ చట్టం కింద వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు, 1946లో, ఊరూరా ఆసుపత్రులు కట్టించేందుకు చేసిన చట్టమిది. అమెరికా గ్రామీణ ప్రాంతాల్లో ఈనాటికీ నిలిచి ఉన్న ఆసుపత్రుల్లో చాలా వాటికి పునాది దీని డబ్బుతోనే పడింది. చట్టానికి పేరిచ్చిన వారిలో ఒకరైన లిస్టర్ హిల్ అలబామా సెనేటరు. దక్షిణాది ఓట్లు లేకుండా బిల్లు గట్టెక్కదు. అందుకని చట్టంలో రెండు ఏర్పాట్లు పొందుపరిచారు. మొదటిది, డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళ్ళదు. ప్రతి రాష్ట్రమూ తనకు ఎక్కడ ఎన్ని పడకలు కావాలో ఒక ప్రణాళిక రాసుకోవాలి, దాని ప్రకారమే పంపిణీ. రెండవది, వివక్ష కూడదని చెప్పిన నోటితోనే, వేర్వేరు జనవర్గాలకు వేర్వేరు ఆసుపత్రులున్న చోట, పడకల లెక్క సమంగా ఉందని రాష్ట్ర ప్రణాళిక చూపితే చాలునన్న మినహాయింపు. వేర్పాటును ఇలా అక్షరాలా అనుమతించిన సమాఖ్య చట్టం ఇరవయ్యవ శతాబ్దంలో అరుదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ మినహాయింపు చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో జాతి వివక్షనూ పేదరికాన్నీ తగ్గించే పనైనా, పెంచే పనైనా, చాలావరకు ప్రజాధనానికి తగిలించే షరతుల్లోనే జరుగుతుంది. ఆ షరతులు రాసే చేయి తరచు వాషింగ్టన్‌లో ఉండదు. రాష్ట్ర రాజధానిలో, ఒక్కోసారి కౌంటీ కార్యాలయంలో ఉంటుంది. వీసాల వార్తల కోసం వాషింగ్టన్ వైపు చెవి రిక్కించి కూర్చునే మనం రాలీ వైపు చూసేది తక్కువ.

1962 ఫిబ్రవరిలో ఆరుగురు వైద్యులు, సిమ్‌కిన్స్‌తో సహా ముగ్గురు దంతవైద్యులు, ఇద్దరు రోగులు కలిసి ఆ రెండు ఆసుపత్రుల మీద దావా వేశారు. న్యాయవాదుల్లో జాతీయ సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. న్యాయ విభాగపు జాక్ గ్రీన్‌బర్గ్, డర్హమ్‌కు చెందిన కాన్రాడ్ పియర్సన్ ఉన్నారు. సమాఖ్య న్యాయశాఖ కూడా ఫిర్యాదుల పక్షాన చేరింది. అంటే ప్రభుత్వం తన సొంత చట్టంలోని మినహాయింపు చెల్లదని కోర్టులో వాదించింది. ఆసుపత్రుల జవాబు సులువైనది: మేము ప్రైవేటు సంస్థలం, రాజ్యాంగంలోని సమానత్వ నియమం ప్రభుత్వానికే గాని మాకు వర్తించదు. జిల్లా న్యాయస్థానం ఆ జవాబును ఒప్పుకొని దావాను కొట్టేసింది. 1963 నవంబరు 1న నాలుగవ సర్క్యూట్ అప్పీలు కోర్టు ముగ్గురు-ఇద్దరి తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. ప్రధాన న్యాయమూర్తి సైమన్ సోబెలాఫ్ తర్కం సారాంశం ఇది: రాష్ట్రమూ కేంద్రమూ కలిసి రాసిన ప్రణాళికలో భాగమై, ఆ డబ్బుతో ఆ ప్రణాళికను నెరవేరుస్తున్న ఆసుపత్రి చేసే వివక్షను ప్రైవేటు వ్యవహారం అనలేము. చట్టంలోని మినహాయింపు కూడా రాజ్యాంగవిరుద్ధమే. 1964 మార్చిలో సుప్రీం కోర్టు అప్పీలు వినడానికి నిరాకరించడంతో తీర్పు నిలిచింది.

వేర్పాటును కాపాడటానికి అల్లిన రాష్ట్ర ప్రణాళికే చివరికి ఆసుపత్రులను రాజ్యాంగం పరిధిలోకి లాక్కొచ్చింది. న్యాయశాస్త్ర విద్యార్థులు దీన్ని ఎలా బోధించుకుంటారో గాని, వైద్య కళాశాలల్లో మాత్రం ఈ కేసు పేరు వినిపించేది తక్కువ. ఫిర్యాదీల్లో ఒకరైన ఆల్విన్ బ్లౌంట్ 1964లో కోన్‌లో శస్త్రచికిత్స చేసిన తొలి నల్లజాతి సర్జన్ అయ్యాడు. ఆ ఆసుపత్రి సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2016లో. అప్పటికి ఫిర్యాదీల్లో జీవించి ఉన్నది బ్లౌంట్ ఒక్కడే. మరి కొన్ని నెలలకు ఆయనా వెళ్ళిపోయాడు.

ఒక్క తీర్పుతో దక్షిణాది ఆసుపత్రులన్నీ తలుపులు తెరవలేదు. తెరిపించింది మరో షరతు. 1964 పౌరహక్కుల చట్టం ఆరవ అధ్యాయం ప్రకారం సమాఖ్య డబ్బు పుచ్చుకునే సంస్థ వివక్ష చూపరాదు. 1965లో మెడికేర్ చట్టమైంది. 1966 జులై 1న అమలులోకి వచ్చింది. వృద్ధుల వైద్యానికి ప్రభుత్వం చెల్లించే డబ్బు కావాలంటే వార్డులు, భోజనశాలలు, రక్తనిధి, అన్నీ కలిపి నడపాలి. తనిఖీదారులు ఊరూరా తిరిగారు. వందేళ్ళ ఆచారం కొన్ని నెలల్లో చాలా చోట్ల కూలిపోయింది. హృదయ పరివర్తన ఎంత జరిగిందో ఎవరూ కొలవలేదు, కొలవనవసరమూ రాలేదు.

సరిగ్గా ఈ కాలంలోనే మన కథ మొదలవుతుంది. 1923లో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు తేల్చిందీ ఆ ఏడాదే. మన దేశంలో వైద్యం చదివి వచ్చిన ఆయన అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు శుభ్రం చేసి పొట్టపోసుకున్నాడు. 1946లో ఏడాదికి వందమంది భారతీయులకు గుమ్మం తెరిచారు. 1965 అక్టోబరులో సంతకమైన వలస చట్టంతో ఆ కోటా పోయింది. మెడికేర్‌తో రోగుల సంఖ్య పెరిగింది, వైద్యులు కావలసివచ్చారు. విశాఖ, గుంటూరు, ఉస్మానియా, రంగరాయ కళాశాలల పట్టభద్రులు విమానాలెక్కింది అప్పుడే. వాళ్ళు అడుగుపెట్టిన ఆసుపత్రుల తలుపులు అంతకు ఒకటి రెండేళ్ళ ముందు సిమ్‌కిన్స్, బ్లౌంట్ వంటివాళ్ళు తీయించినవి. గోధుమరంగు చర్మమున్న వైద్యుడిని 1962 నాటి వెస్లీ లాంగ్ ఆసుపత్రి ఎలా చూసేదో ఊహించుకోవచ్చు.

నా తరానికి వచ్చేసరికి మరో షరతు తోడైంది. జే-1 వీసా మీద శిక్షణ పొందిన విదేశీ వైద్యుడు రెండేళ్ళు స్వదేశానికి తిరిగి వెళ్ళాలి. 1994లో సెనేటర్ కెంట్ కాన్రాడ్ తెచ్చిన పథకం ప్రకారం, వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తానంటే ఆ నియమాన్ని సడలిస్తారు. ఆ సిఫారసు చేసేది రాష్ట్ర ఆరోగ్యశాఖ; ఇప్పుడు రాష్ట్రానికి ఏటా ముప్ఫయి మందికి అవకాశం. పత్తి, పొగాకు పండే కౌంటీల్లో, నల్లవారూ పేద తెల్లవారూ రోగులుగా ఉన్న చిన్న ఊళ్ళలో ఎందరో తెలుగు వైద్యులు కాపురాలు పెట్టడానికి కారణం ఇదే. మన గ్రీన్ కార్డులు కూడా కొంతవరకు రాష్ట్ర విధానం పుణ్యమేనన్న సంగతి విందు భోజనాల దగ్గర జరిగే చర్చల్లో ఎక్కడా వినపడదు.

ఇక మెడికెయిడ్. మెడికేర్‌తో పాటే పుట్టినా దాని స్వభావం వేరు. అది పేదలది, పైగా రాష్ట్రాల చేతిలోది. మన రాజ్యాంగంలో ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉన్నందువల్లే 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆంధ్రప్రదేశ్‌లో ఒక రకంగా, పక్క రాష్ట్రాల్లో మరో రకంగా సాగిందని తెలిసినవారికి ఇది తేలికగానే అర్థమవుతుంది. 2010 నాటి ఒబామా చట్టం దారిద్ర్యరేఖకు 138 శాతం దాకా ఆదాయమున్న వయోజనులందరికీ మెడికెయిడ్ ఇవ్వాలంది. 2012 జూన్‌లో సుప్రీం కోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. 2013లో నార్త్ కరొలైనా శాసనసభ వద్దంటూ చట్టం చేసింది.

ఆ నిరాకరణ ఎవరి మీద పడిందో చిన్న లెక్కతో చెప్పవచ్చు. ఈ రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి మారలేదు. భోజనశాలలో పాత్రలు కడిగే మనిషికి వారానికి ముప్ఫయి గంటలు దొరికితే ఏడాదికి 11,310 డాలర్లు. అది దారిద్ర్యరేఖకు తక్కువ. ప్రభుత్వ రాయితీతో బీమా కొనుక్కోవాలంటే కనీసం దారిద్ర్యరేఖ దాకా ఆదాయముండాలి, కాబట్టి రాయితీ రాదు. పాత మెడికెయిడ్‌లో పిల్లలు లేని, వైకల్యం లేని వయోజనుడికి ఎంత పేదవాడైనా చోటు లేదు. కొంచెం ఎక్కువ సంపాదిస్తే సాయం వచ్చేది, తక్కువ సంపాదించినందుకు రాలేదు! మధుమేహం, రక్తపోటు ఉన్న నలభయ్యేళ్ళ మనిషికి పదేళ్ళు మందులు అందకపోతే ఏమవుతుందో డయాలిసిస్ కేంద్రాల్లో పనిచేసేవారిని అడగాలి. చట్టంలో జాతి అన్న మాట ఎక్కడా లేదు. 1938 నాటి కనీస వేతన చట్టంలోనూ లేదు. పొలం పనివారినీ ఇంటి పనివారినీ అది మినహాయించింది, దక్షిణాదిలో నల్లవారు ఎక్కువగా చేసిన పనులు ఆ రెండే. జాతి పేరెత్తకుండా జాతిని గుర్తుపట్టే చట్టాలు రాయడం పాత విద్య.

అలాగని ఇది నల్లవారి బాధ మాత్రమే అనుకుంటే పొరపాటు. తూర్పున సముద్రం దగ్గరి బెల్‌హేవెన్ అనే ఊళ్ళో ఆసుపత్రి 2014 జులై 1న మూతపడింది. కొద్ది రోజులకే గుండెపోటు వచ్చిన ఒక మహిళ హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తూ మరణించింది. ఆ ఊరి మేయరు ఆడమ్ ఓ'నీల్ తెల్లవాడు, రిపబ్లికన్. ఆయన అదే నెలలో దాదాపు 270 మైళ్ళు నడిచి వాషింగ్టన్ వెళ్ళాడు. మద్దతుగా నిలిచిన వారిలో అప్పటి రాష్ట్ర ఎన్.ఏ.ఏ.సి.పి. అధ్యక్షుడు, నల్లజాతి మతబోధకుడు విలియం బార్బర్ ఒకరు. అంతకు ముందు ఏడాది ఆ బార్బరే ప్రతి సోమవారం రాలీ శాసనసభ దగ్గర నిరసనలు నడిపించాడు. ఆ ఒక్క ఏడాదిలో తొమ్మిది వందల మందికి పైగా అరెస్టయ్యారు. మోరిస్‌విల్ నుంచి ఆ భవనం ఇరవై నిమిషాల దూరం.

పదేళ్ళ తర్వాత, 2023 మార్చి 27న, గవర్నర్ రాయ్ కూపర్ మెడికెయిడ్ విస్తరణ చట్టం మీద సంతకం చేశారు. దేశంలో ఇది నలభయ్యవ రాష్ట్రం. ఒకప్పుడు గట్టిగా ఎదిరించిన సెనేట్ నాయకుడు ఫిల్ బర్జర్ 2022లో వైఖరి మార్చుకోకపోతే ఇది జరిగేది కాదు. మారడానికి నిరసనల వంతు ఎంత, సమాఖ్య ప్రభుత్వం 2021లో ఆశ చూపిన వంద కోట్ల డాలర్లకు పైబడిన అదనపు సొమ్ము వంతు ఎంత అన్నది వేరు చేసి చెప్పలేము. నా అంచనాలో రెండవదే ఎక్కువ. మొదటిది లేకపోతే ఆ విషయం సభలో పదేళ్ళు బతికి ఉండేది కాదు. డిసెంబరు 1న అమలు మొదలైంది. ఏడాదిలో ఆరు లక్షల మందికి పైగా చేరారు. డాలస్, అట్లాంటా తెలుగువారు గమనించవలసింది ఏమంటే టెక్సస్, జార్జియా ఈనాటికీ ఆ నలభై రాష్ట్రాల్లో లేవు.

విస్తరణ ఖర్చులో సమాఖ్య వాటా 90 శాతం. మిగతా పది శాతాన్ని ఆసుపత్రుల మీద వేసిన రుసుము నుంచి తీస్తారు. బదులుగా ఆసుపత్రులకు మెడికెయిడ్ రోగుల మీద హెచ్చు చెల్లింపులు దక్కుతాయి. 2024లో రాష్ట్రం ఈ హెచ్చు చెల్లింపులకు ఒక కొత్త షరతు తగిలించింది. పూర్తి మొత్తం కావాలంటే ఆసుపత్రి 2014 నుంచి మెడికెయిడ్ రోగుల మీద పేరుకున్న పాత బకాయిలు రద్దు చేయాలి, దారిద్ర్యరేఖకు మూడు రెట్ల లోపు ఆదాయమున్న వారికి బిల్లులో సగం నుంచి మొత్తం దాకా తగ్గించాలి, బాకీని పరపతి సంస్థలకు నివేదించకూడదు. ఆగస్టు నాటికి అర్హత ఉన్న 99 ఆసుపత్రులూ ఒప్పుకున్నాయి. దాదాపు ఇరవై లక్షల మందికి 400 కోట్ల డాలర్ల ఋణవిముక్తి అని రాష్ట్రం అప్పుడు లెక్క కట్టింది. కొత్త పన్ను వేయలేదు, కోర్టుకెక్కలేదు. హిల్-బర్టన్ మినహాయింపు ఏ మార్గంలో వచ్చిందో ఇదీ ఆ మార్గంలోనే వచ్చింది. రాసిన వాళ్ళ ఉద్దేశం మారింది.

రాష్ట్రానికి ఇంత శక్తి ఉన్నప్పుడు ఊరికి ఎంత ఉంది? నార్త్ కరొలైనాలో చాలా తక్కువ. ఇక్కడి పట్టణాలకు శాసనసభ ఇచ్చిన అధికారాలే తప్ప సొంత అధికారాలు లేవు. అద్దెల నియంత్రణ పట్టణాలు చేయరాదని 1987లోనే చట్టం వచ్చింది. 2016 మార్చిలో ఒక్కరోజు సమావేశంలో ఆమోదించిన రెండవ నంబరు బిల్లు మరుగుదొడ్ల గొడవగా లోకమంతా ప్రసిద్ధి కెక్కింది. ప్రైవేటు ఉద్యోగాల్లో కనీస వేతనం పెంచే పని పట్టణాలు చేయరాదన్న భాగం కూడా అందులోనే ఉందని చాలామంది గమనించలేదు. మరుసటేడు ఆ చట్టాన్ని రద్దు చేసినా, ప్రైవేటు ఉద్యోగ నిబంధనల జోలికి పట్టణాలు పోరాదన్న నిషేధాన్ని 2020 డిసెంబరు దాకా కొనసాగించారు.

మోరిస్‌విల్ జనాభా 2020 లెక్కల్లో ముప్ఫయి వేలకు కొంచెం తక్కువ. అందులో నూటికి నలభై మందికి పైగా ఆసియా మూలాలవారు. పట్టణ మండలికి స్టీవ్ రావు, సతీశ్ గరిమెళ్ళ వంటి భారతీయ మూలాలవారు ఎన్నికయ్యారు. హిందూ భవన్ ఉంది, క్రికెట్ మైదానం ఉంది. అంతర్యుద్ధం తర్వాత విముక్తులైన నల్లవారు ఏర్పరచుకున్న షైలో అనే పాత వాడ కూడా ఇక్కడే ఉంది. చుట్టూ లేచిన కొత్త ఇళ్ళ మధ్య దాన్ని గుర్తుపట్టేవారు తక్కువ. ఇంత సంపన్నమైన ఊళ్ళో మన వంటశాలల్లో గిన్నెలు కడిగేవారు, వృద్ధులైన మన తల్లిదండ్రులకు స్నానం చేయించే సహాయకులు, దుకాణాల్లో సరుకు సర్దేవారు ఎక్కడ నివసిస్తారు, పనికి ఎలా వస్తారు అన్నది స్థానిక విధానానికి అసలు పరీక్ష. వేతనం మీద, అద్దె మీద చేయి వేయలేని పట్టణం రవాణా మీద వేసింది. 2016 నవంబరులో వేక్ కౌంటీ ఓటర్లు ప్రజారవాణా కోసం అర సెంటు అమ్మకం పన్నుకు ఒప్పుకున్నారు. 2021 అక్టోబరులో మోరిస్‌విల్ స్మార్ట్ షటిల్ అనే ఉచిత వాహనాన్ని ప్రారంభించింది. ఫోనులో పిలిస్తే నిర్ణీత స్థలాల మధ్య తిప్పుతుంది. కారు నడపని అమ్మలూ నాన్నలూ గుడికి వెళ్ళేది దానిమీదే, కారు కొనలేని కార్మికులు పనికి వెళ్ళేదీ దానిమీదే. చిన్న పనే. కాని ఒకే విధానం ఇద్దరికీ ఉపయోగపడుతున్నప్పుడు దాన్ని ఎవరి దానం అనీ అనుకోరు.

మనలో చాలామంది వాదన నాకు తెలుసు: చదువుకున్నాం, కష్టపడ్డాం, పైకొచ్చాం, అందరూ అలాగే రావచ్చు. కష్టపడిన మాట నిజం. కాని సిమ్‌కిన్స్ తక్కువ చదువుకున్నవాడు కాదు, బ్లౌంట్ తక్కువ కష్టపడినవాడు కాదు. చదువూ కష్టమూ ఉన్నవారికి కూడా తలుపు తీయడానికి ఒక అప్పీలు కోర్టు, ఒక పౌరహక్కుల చట్టం, ఒక మెడికేర్ కావలసివచ్చాయి.

ఇప్పుడు మరో షరతు వస్తున్నది. 2025 జులై 4న సంతకమైన సమాఖ్య చట్టం ప్రకారం, విస్తరణలో చేరిన వయోజనులు 2027 జనవరి నుంచి నెలకు 80 గంటలు పనిచేసినట్టో, చదువుతున్నట్టో, మినహాయింపుకు అర్హులమనో ఋజువు చూపాలి. అర్హతను ఆరు నెలలకొకసారి తిరిగి పరిశీలించాలి. ఆసుపత్రుల హెచ్చు చెల్లింపులకు కూడా 2028 నుంచి క్రమంగా కోత పడుతుంది. సమాఖ్య వాటా 90 శాతం కంటే తగ్గితే విస్తరణే ఆగిపోవాలన్న నిబంధన రాష్ట్ర చట్టంలో ముందునుంచీ ఉంది. పని ఋజువులు అడిగితే ఏమవుతుందో ఆర్కెన్సాస్ 2018లో చూపింది: కొన్ని నెలల్లో 18 వేల మందికి పైగా బీమా కోల్పోయారు, తర్వాత జరిగిన అధ్యయనంలో ఉద్యోగాలు పెరిగిన ఆనవాలు కనబడలేదు. బీమా పోయిన వారిలో చాలామంది పనిచేస్తున్నవారే, లేదా మినహాయింపుకు అర్హులే. కాగితం సమయానికి చేరలేదు. రెండు చోట్ల పార్ట్‌టైమ్ పనిచేసే మనిషి, వారం వారం గంటలు మారే మనిషి, ఇంటర్నెట్ సరిగా లేని మనిషి ముందు జారిపోతారు.

నార్త్ కరొలైనాలో ఆ కాగితాలు చూసేది రాష్ట్ర కార్యాలయం కాదు, కౌంటీ సామాజిక సేవల విభాగం. అక్కడ ఎందరు గుమాస్తాలుంటారు, వారికి ఎంత జీతమిస్తారు, స్పానిష్‌లోనో మరో భాషలోనో ఫోనెత్తే మనిషి ఉంటాడా, రాష్ట్రం దగ్గర ఇప్పటికే ఉన్న వేతన వివరాలతో సరిపోల్చి దరఖాస్తుదారుడిని అడగకుండానే ఋజువైనట్టు రాసుకుంటారా అన్నవాటి మీద వేలమంది బీమా ఆధారపడుతుంది. వీటిలో చివరిది రాష్ట్రం తేల్చాలి, మిగతావి చాలావరకు కౌంటీ బడ్జెట్ తేలుస్తుంది. వేక్ కౌంటీ కమిషనర్లు ఏటా జులై 1 లోపల బడ్జెట్ ఆమోదించాలి. అంతకు ముందు బహిరంగ విచారణ జరపాలని రాష్ట్ర చట్టమే చెబుతున్నది. అక్కడ పేరు రాయించుకుని కొద్ది నిమిషాలు ఎవరైనా మాట్లాడవచ్చు. పౌరసత్వం ఉందా అని అడగరు.